చిలగడదుంప బేక్ చేస్తే అంత తియ్యగా ఎందుకు అవుతుంది? మా బాపు షుగర్ రీడింగ్ నేర్పిన పాఠం

ఈరోజు ఎపిసోడ్ వంట గురించి. ఆగండాగండి, వెంటనే స్కిప్ కొట్టకండి. వంటతో పాటు కొంచెం కెమిస్ట్రీ, కొంచెం మా ఇంటి గొడవ, చివర్లో మీ అమ్మానాన్నలకి పనికొచ్చే ఒక విషయం కూడా ఉంది.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. నాది జగిత్యాల వైపు, మేము దీన్ని కందగడ్డ అంటాం. కాకినాడ వాడు చిలగడదుంప అంటాడు. అనంతపురం వాడు గెనుసుగడ్డ అంటాడు. ఒకసారి నేను గ్రూప్‌లో "కందగడ్డ తేరా" అని మెసేజ్ పెడితే, కాకినాడ వాడు బచ్చలితో కూర చేసుకునే కంద తెచ్చాడు. అదేమో కోస్తుంటేనే చేతులు దురద! అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం చిలగడదుంప అనే అంటాను. మీ ఇంట్లో ఏమంటే అదే అనుకోండి.

ఇంకో మాట. దీనికీ ఆలుగడ్డకీ చుట్టరికం లేదు. ఆలుగడ్డది వంకాయ, టమాటా కుటుంబం. చిలగడదుంపది తూటికూర కుటుంబం. ఆలుగడ్డ భూమిలో ఉబ్బిన కాండం, ఇది ఉబ్బిన వేరు. రెండూ అమెరికా ఖండాల నుంచి మన దగ్గరికి వచ్చినవే, పోలిక అంతవరకే.

అసలు కథ

బాపుకి షుగర్ ఉంది. చెకప్ కోసం అమ్మా బాపూ హైదరాబాద్ వచ్చారు. మధ్యలో శివరాత్రి పడింది. మా వైపు శివరాత్రి ఉపవాసం అంటే కందగడ్డ లేకుండా ఉండదు. నేనేమో అప్పుడే కొత్తగా ఓటీజీ కొన్నాను. కూకట్‌పల్లి రైతు బజార్‌కి వెళ్లి రెండు కిలోలు తెచ్చి, మంచిగా బేక్ చేశాను. పైన తొక్క ముడతలు పడి, పక్కల నుంచి పాకం కారుతోంది. ఇల్లంతా వాసన.

"చక్కెర వెయ్యలేదు, నూనె లేదు, ఫైబర్ ఉంటుంది, నీకు మంచిది బాపూ" అని నేనే చెప్పాను. పొద్దంతా ఏమీ తినని మనిషి, రాత్రి పెద్ద గడ్డలు రెండు తిన్నాడు. తినే ముందు రీడింగ్ 118. రెండు గంటల తర్వాత 247.

నేను కంగారుపడి "రెండూ తిన్నావా?" అని కొంచెం గట్టిగానే అన్నాను. బాపు నెమ్మదిగా, "నువ్వే జెప్తివి గదరా, మంచిదని" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే రూట్ కాజ్ రాసేవాణ్ణి. ఇది మా ఇంటి ప్రొడక్షన్ ఇష్యూ. కూర్చుని చదివాను.

లోపల ఏం జరుగుతోంది?

పచ్చి చిలగడదుంపలో ఎక్కువగా ఉండేది పిండి పదార్థం, అంటే స్టార్చ్. అది తియ్యగా ఉండదు. కానీ అదే దుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దీని పని స్టార్చ్ గొలుసుని కత్తిరించి మాల్టోజ్ అనే చక్కెరగా మార్చడం.

పచ్చిగా ఉన్నప్పుడు స్టార్చ్ గట్టి రేణువుల్లో ప్యాక్ అయి ఉంటుంది, ఎంజైమ్‌కి అందదు. వేడెక్కేకొద్దీ ఆ రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి విడిపోతాయి. అప్పుడు ఎంజైమ్ పని మొదలవుతుంది. అయితే వేడి ఇంకా పెరిగితే ఎంజైమే చచ్చిపోతుంది. సుమారుగా 60 నుంచి 75 డిగ్రీల మధ్య దానికి మంచి టైమ్ అనుకోండి. మన భాషలో చెప్పాలంటే, ఎంజైమ్ ఒక ప్రాసెస్. దానికి ఒక టైమ్ విండో ఉంది. విండో ఎంతసేపు తెరిచి ఉంటే అంత మాల్టోజ్ తయారవుతుంది. విండో మూసుకుపోతే ప్రాసెస్ కిల్.

ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే దుంప నిమిషాల్లో ఆ విండో దాటేస్తుంది, అందుకే మెత్తబడుతుంది కానీ చప్పగా ఉంటుంది. ఓటీజీలో గంటసేపు పెడితే లోపలి భాగం నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ విండోలో చాలాసేపు ఉంటుంది, తేనెలా అవుతుంది. మా నానమ్మ పొయ్యి ఆర్పాక కుమ్ములో పెట్టి వదిలేసేది చూడండి, అదీ ఇదే లాజిక్. ఓటీజీ లేకుండానే ఆమె స్లో బేకింగ్ చేసింది.

అంటే నేను చక్కెర వెయ్యలేదు, నిజమే. చక్కెరని దుంపే తయారుచేసింది, నేను దానికి కావలసిన టైమ్ ఇచ్చాను.

మరి షుగర్ ఎందుకు పెరిగింది?

ఇక్కడ జాగ్రత్తగా వినండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఉడకబెట్టినా బేక్ చేసినా మొత్తం కార్బ్స్ పెద్దగా మారవు. ఎందుకంటే స్టార్చ్ కూడా కడుపులోకి వెళ్లాక చివరికి గ్లూకోజ్‌గానే మారుతుంది. మారేది స్పీడ్. బేక్ చేసినప్పుడు ముక్కలు చేసే పని సగం ఓవెన్‌లోనే అయిపోతుంది కాబట్టి రక్తంలోకి త్వరగా చేరుతుంది.

2011లో జమైకాలో పది రకాల చిలగడదుంపల మీద చేసిన ఒక స్టడీ వచ్చింది. ఉడకబెట్టినవాటి గ్లైసీమిక్ ఇండెక్స్ 41 నుంచి 50 మధ్య ఉంటే, బేక్ చేసినవాటిది 82 నుంచి 94 మధ్య వచ్చింది. దుంపలు అవే, వండిన పద్ధతి వేరు. అవి అక్కడి రకాలు, మన దగ్గర అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ దిశ మాత్రం అదే.

రెండోది క్వాంటిటీ. పచ్చి చిలగడదుంప 100 గ్రాముల్లో దాదాపు 20 గ్రాముల కార్బ్స్, 3 గ్రాముల ఫైబర్ ఉంటాయి. బాపు తిన్న రెండు గడ్డలు కలిపి అర కిలో. అంటే 100 గ్రాముల కార్బ్స్. వండిన అన్నంలో 100 గ్రాములకి 28 గ్రాముల కార్బ్స్ లెక్కేసుకుంటే, అది సుమారు 350 గ్రాముల అన్నం. షుగర్ ఉన్న మనిషికి అంత అన్నం ఎవరైనా ఒక్కసారే పెడతారా? పెట్టం. కానీ "హెల్తీ" అనే ట్యాగ్ చూసి దుంప పెట్టేశాను.

తర్వాత వారం డాక్టర్‌గారిని అడిగాం. మానేయక్కర్లేదు, అన్నం రొట్టెలకి అదనంగా కాదు, వాటికి బదులుగా కొంచెం తినండి అన్నారు. ఇంకోటి కూడా గట్టిగా చెప్పారు: షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఉపవాసం ఉండాలంటే ముందే అడగాలి, మాత్రల మోతాదు వాళ్లు చూసి చెబుతారు, మనమే నిర్ణయించుకోకూడదు.

పది రోజుల తర్వాత ఒక చిన్న గడ్డ ఉడకబెట్టి, అన్నం తగ్గించి, పప్పు, గుడ్డుతో పెట్టాను. రెండు గంటలకి 171 వచ్చింది. దీన్ని స్టడీ అనకండి. ఒక్క మనిషి, రెండు రోజులు, పైగా నేను వండే పద్ధతీ మార్చాను, క్వాంటిటీ కూడా మార్చాను. దేని వల్ల ఎంత తగ్గిందో దీన్నిబట్టి చెప్పలేం. కానీ బాపు కందగడ్డ మానకుండానే తినొచ్చని మాత్రం మా ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చింది.

సరే, ఎలా బేక్ చేయాలి?

మధ్యస్థంగా ఉన్న దుంపలు, ఒక్కోటి 150 నుంచి 200 గ్రాములు, అన్నీ ఒకే సైజువి తీసుకోండి. సన్నగా పొడుగ్గా ఉన్నవైతే సమానంగా ఉడుకుతాయి. మట్టి పోయేలా రుద్ది కడగండి, తొక్క తీయకండి. ఫోర్క్‌తో అయిదారు చోట్ల గుచ్చండి, లేకపోతే లోపల ఆవిరి చేరి పగిలే ఛాన్స్ ఉంది.

ఓటీజీని ముందే వేడి చేయకండి. చల్లగా ఉన్నప్పుడే లోపల పెట్టి 200 డిగ్రీలకి సెట్ చేయండి. నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి మన ఎంజైమ్‌కి ఇంకొంచెం టైమ్ దొరుకుతుంది. 50 నుంచి 60 నిమిషాలు. కింద ట్రే పెట్టండి, పాకం కారితే కడగలేక చస్తారు. ఫాయిల్ చుట్టకండి, చుడితే లోపలే ఆవిరికి ఉడికి తొక్క మెత్తగా అవుతుంది, కాల్చిన వాసన రాదు. ఎయిర్ ఫ్రయర్ అయితే 180 డిగ్రీల్లో 35 నుంచి 45 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. చాకు గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగాలి.

పీజీలో ఉంటున్నారా, ఓవెన్ లేదా? మందపాటి ఇనప మూకుడు, మూత, సన్న సెగ. పది నిమిషాలకోసారి తిప్పుతూ ముప్పావు గంట. అచ్చం కుమ్ములో కాల్చినట్టే ఉంటుంది.

ఇంకో టిప్. అమెరికా వీడియోలు చూసి చేస్తే మనకి అలా రాదు. అక్కడ ఎక్కువగా వాడేది నారింజ రంగు కండ ఉన్న తడి రకం. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది పైన ఎర్రగా, లోపల తెల్లగా, పొడిపొడిగా ఉండేది. గొంతు పట్టేస్తుంది. కాబట్టి చీల్చి చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కారం, నిమ్మరసం, అర స్పూన్ నెయ్యి వేయండి. లేదా ముక్కలు చేసి, చిలికిన పెరుగులో కలిపి ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టండి. పప్పుచారు అన్నంలోకి సూపర్.

నారింజ రంగువి దొరికితే మాత్రం వదలకండి. ఆ రంగే బీటా కెరోటిన్, శరీరం దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. నెయ్యి చుక్క ఉంటే బాగా ఒంటబడుతుంది. ఆఫ్రికాలో పిల్లల విటమిన్ ఎ లోపం తగ్గించడానికి ఈ రకాన్ని ఊరూరా తీసుకెళ్లిన శాస్త్రవేత్తలకి 2016లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. మన దగ్గర తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కూడా భూ సోనా అనే నారింజ రకాన్ని తయారుచేసింది.

పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి లోపల గట్టిపడి ఎంత ఉడికించినా మెత్తబడవు. గాలి తగిలే బుట్టలో చాలు.

చివరి మాట

సైడ్ డిష్‌కి మన భాషలో మంచి మాట ఉంది: నంజుకోవడం. అసలు తిండి వేరే ఉంటుంది, పక్కన ఇది కొంచెం కొంచెం కొరుక్కుంటాం. నేను చేసిన తప్పు బేక్ చేయడం కాదు, నంజుకోవాల్సినదాన్ని కంచం నిండా పెట్టడం.

ఇప్పుడు మా ఇంట్లో రూల్ సింపుల్. నాకు బేక్ చేసింది, సగం గడ్డ, పెరుగన్నంలోకి. బాపుకి ఉడకబెట్టింది, చిన్నది ఒకటి, ఆ పూట అన్నం తగ్గించి. మొన్న ఫోన్‌లో అడిగాడు, "ఆ పాకం గారేది మళ్లెప్పుడు జేస్తవ్‌రా?" అని. "వచ్చే శివరాత్రికి బాపూ, అయితే ఒక్క ముక్కే" అన్నాను. "ఒక్కటే తియ్, కానీ పెద్దది" అంటున్నాడు. నెగోషియేషన్ నడుస్తోంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, "హెల్తీ" అని ఏదైనా పెట్టే ముందు ఎంత, ఎలా వండారు అనే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజుకి ఇంతే, మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.