భాగం 9: ఇంటి అలంకరణ – దంపతుల అభిరుచి భేదాలు (విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన)

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 అభిరుచి – సామాజిక మూలాలు
9.3 విశాఖపట్నం: వలస నగరం, క్వార్టర్ల జీవితం
9.4 ఒక ఉదాహరణ
9.5 భేదాభిప్రాయం వెనుక ఉన్న మూడు ప్రశ్నలు
9.6 సర్దుబాటు మార్గాలు, వాటి పరిమితులు
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – నమూనా సమాధానాలు
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.10 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అభిరుచి వ్యక్తిగతమైనదిగా కనిపించినా అది సామాజికంగా ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• కుటుంబ నిర్ణయాలలో నిర్దేశక అధికారానికీ, అమలు అధికారానికీ గల భేదాన్ని గుర్తించగలుగుతారు.
• ఇంటి అలంకరణ విషయంలో దంపతుల మధ్య వచ్చే భేదాభిప్రాయాలను శ్రమ, అధికారం, జ్ఞాపకం అనే మూడు కోణాల నుంచి విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో కుటుంబం విధులను గురించి తెలుసుకొన్నారు. ఆ విధులన్నీ జరిగే చోటు ఇల్లు. గోడకు ఏ రంగు వేయాలి, కర్టెన్లు ఎలాంటివి కొనాలి, ముందుగదిలో ఎవరి ఫోటో పెట్టాలి అనేవి చిన్న విషయాలుగా తోస్తాయి. అయినా అనేక కుటుంబాలలో ఇవే రోజుల తరబడి మాటామాటా పెరగడానికి కారణమవుతాయి. 'ఎవరి అభిరుచి వారిది' అని సరిపెట్టుకొంటే ఈ తగాదాలు ఎందుకు వస్తాయో అర్థం కాదు. రంగు గురించి మొదలైన వాదన చాలాసార్లు రంగు గురించి కాదు. దాని వెనుక మరికొన్ని ప్రశ్నలు ఉంటాయి. ఆ ప్రశ్నలను విడదీసి చూడటమే ఈ భాగం ఉద్దేశం. ఇందుకు విశాఖపట్నం నగరాన్ని నేపథ్యంగా తీసుకొంటున్నాం.

9.2 అభిరుచి – సామాజిక మూలాలు

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1979లో ప్రచురించిన 'డిస్టింక్షన్' అనే గ్రంథంలో అభిరుచిని విస్తృతంగా చర్చించాడు. మనిషి పుట్టి పెరిగిన వర్గం, చదువు, తల్లిదండ్రుల వృత్తి అతని ఇష్టాయిష్టాలను తీర్చిదిద్దుతాయని అతడు వాదించాడు. చిన్ననాటి నుంచి ఒంటబట్టిన ఈ అలవాట్ల సముదాయాన్ని అతడు 'హాబిటస్' అన్నాడు. మనకు 'సహజంగా' బాగున్నట్లు అనిపించేది నిజానికి మనం పెరిగిన ఇంటి నుంచి వచ్చిందే. పెంకుటింటి అరుగు మీద పదిమంది కూర్చోగా చూసినవారికి విశాలమైన ముందుగది ఇంటికి పరువు. ఇరుకు వీధిలో పెరిగినవారికి ఒక కిటికీ, తనదైన ఒక మూల అంతకన్నా విలువైనవి కావచ్చు. పెళ్ళితో రెండు హాబిటస్‌లు ఒకే కప్పు కిందికి వస్తాయి.

వస్తువుల పట్ల మమకారంలో కూడా భేదాలుంటాయి. చిక్‌సెంట్‌మిహాయి, రాచ్‌బర్గ్-హాల్టన్ అనే పరిశోధకులు అమెరికాలోని చికాగో ప్రాంతంలో 82 కుటుంబాలకు చెందిన 315 మందిని, 'మీ ఇంట్లో మీకు ప్రత్యేకమైన వస్తువులు ఏవి, ఎందుకు?' అని ప్రశ్నించారు. ఫలితాలను 1981లో గ్రంథంగా వెలువరించారు. పురుషులు టెలివిజన్, సంగీత పరికరాలు, పనిముట్లు, తాము గెలుచుకొన్న జ్ఞాపికల వంటివాటిని ఎక్కువగా పేర్కొన్నారు. స్త్రీలు ఫోటోలు, మొక్కలు, గుడ్డతో చేసిన వస్తువుల వంటివాటిని ఎక్కువగా పేర్కొన్నారు. ఇది అమెరికా సమాజానికి చెందిన పరిశీలన కాబట్టి మన కుటుంబాలకు యథాతథంగా వర్తింపజేయకూడదు. కాని ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరికి ఆ ఇల్లు ఒకే విధంగా కనిపించదన్న అంశం మనకూ ఉపయోగపడుతుంది.

9.3 విశాఖపట్నం: వలస నగరం, క్వార్టర్ల జీవితం

విశాఖపట్నం ఉపాధి కోసం వచ్చినవారితో పెరిగిన నగరం. ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో సాగిన ఉద్యమం తరువాత 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. కర్మాగార ఉద్యోగుల కోసం సెక్టార్లుగా విభజించి నిర్మించిన టౌన్‌షిప్ ఉక్కునగరం. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చినవారు, గోదావరి జిల్లాలవారు, ఇతర రాష్ట్రాలవారు ఇక్కడ ఇరుగుపొరుగులయ్యారు.

సంస్థ క్వార్టర్లలో నివాసానికి కొన్ని ప్రత్యేకతలు ఉంటాయి. గదుల అమరిక, బయటి రంగు సాధారణంగా నివాసి ఇష్టాన్ని బట్టి ఉండవు. పదవీ విరమణ తరువాత ఇల్లు ఖాళీ చేయాలి. అందువల్ల 'ఇది మన ఇల్లు కాదు' అన్న భావన చాలామందిలో ఉంటుంది. గోడకు మేకు కొట్టబోతే కూడా 'సొంతిల్లు వచ్చాక చూద్దాంలే' అనుకోవడం మామూలు. ఈ మాట భేదాభిప్రాయాన్ని పరిష్కరించదు, వాయిదా వేస్తుంది. గాజువాక, కూర్మన్నపాలెం వంటి చోట్ల సొంత ఇల్లు సమకూరిన రోజున, ఏళ్ళ తరబడి వాయిదా పడిన కోరికలన్నీ ఒక్కసారిగా ముందుకు వస్తాయి.

నగర వాతావరణం కూడా అలంకరణను ప్రభావితం చేస్తుంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, ఇనుప మంచాలు త్వరగా తుప్పు పడతాయి. వానాకాలంలో గోడలకు చెమ్మ ఎక్కుతుంది. ఓడరేవు సమీప వాడలలో బొగ్గు, ఖనిజాల ధూళి లేత రంగు గుడ్డల మీద త్వరగా కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ రంగును ఎంచుకోవడమంటే దానిని శుభ్రంగా ఉంచే పనిని కూడా ఎంచుకోవడమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
గమనిక: మీ సమాధానాలను 9.8లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. హాబిటస్ అంటే ఏమిటి?
2. క్వార్టర్ల నివాసం అలంకరణకు సంబంధించిన కోరికలను ఎలా వాయిదా వేస్తుంది?

9.4 ఒక ఉదాహరణ

చర్చ కోసం ఒక జంటను ఊహించుకొందాం. భర్త శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో టెక్నీషియన్‌గా పనిచేశాడు. భార్య విశాఖ వన్‌టౌన్‌లో, ఓడరేవులో పనిచేసిన తండ్రి ఇంట పెరిగింది. 26 ఏళ్ళు క్వార్టర్‌లో ఉన్నారు. ఇప్పుడు కూర్మన్నపాలెంలో రెండు పడకగదుల ఫ్లాట్ కొనుక్కొన్నారు.

భర్త కోరిక: ముందుగదికి తెల్లని గోడలు, తెల్లని కర్టెన్లు, పెద్ద సోఫా. సర్వీసులో అందుకొన్న జ్ఞాపికలకు అద్దాల షోకేసు. గోడ మీద తన తండ్రి ఫోటో. భార్య కోరిక: ముదురు రంగు కర్టెన్లు, కిటికీ దగ్గర మొక్కలు, సంక్రాంతి బొమ్మల కొలువుకు పనికివచ్చే మెట్ల అలమర. అందులో ఆమె ఏళ్ళుగా పెట్టెలో దాచిన ఏటికొప్పాక లక్క బొమ్మలు ఉంచాలి. అంకుడు కర్రతో, సహజ రంగులతో చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

వారి సంభాషణ ఇలా సాగింది:

"తెలుపైతే గది విశాలంగా కనిపిస్తుంది. నీకు తెలీదు."
"ఉతికేది ఎవరండీ? వారానికోసారి ఈ కర్టెన్లు దింపి ఉతికేది ఎవరు?"
"పనిమనిషిని పెడదాం."
"క్వార్టర్‌లో కూడా అదే అన్నారు."
"బొమ్మలు పిల్లల గదిలో పెట్టుకో. హాల్లో ఎందుకు?"
"మరి మా నాన్నగారి ఫోటో? అదీ లోపలేనా?"

ఈ ప్రశ్నకు భర్త వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి భార్య "మీ ఇష్టమండీ" అని లేచి వెళ్ళిపోయింది. తెల్ల కర్టెన్లే వచ్చాయి. కాని ఆ తరువాత ఇంటికి సంబంధించిన ఏ విషయంలోనూ ఆమె అభిప్రాయం చెప్పడం మానేసింది.

9.5 భేదాభిప్రాయం వెనుక ఉన్న మూడు ప్రశ్నలు

పై సంభాషణలో రంగు గురించిన మాట ఒక్కటే ఉంది. మిగతా మాటలు మూడు వేర్వేరు ప్రశ్నలకు సంబంధించినవి.

(అ) శ్రమ – ఎవరు శుభ్రం చేస్తారు? కేంద్ర ప్రభుత్వం 2019లో నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులలో పాల్గొన్నవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనులపై వెచ్చించారు. 2024 సర్వేలో ఈ సంఖ్యలు వరుసగా 289, 88. దీనిని బట్టి భార్య ముదురు రంగు కోరడం కేవలం సౌందర్య దృష్టి కాదని తెలుస్తుంది. అది ఆమె పనిగంటల లెక్క. భర్తకు తెలుపు ఒక దృశ్యం. భార్యకు అది ఒక పని.

(ఆ) అధికారం – ఎవరి మాట చెల్లుతుంది? బ్లడ్, వుల్ఫ్ అనే అమెరికన్ పరిశోధకులు 1960లో, ఆదాయం, విద్య వంటి వనరులు ఎక్కువగా ఉన్నవారికి కుటుంబ నిర్ణయాలలో ఎక్కువ అధికారం ఉంటుందని ప్రతిపాదించారు. దీనిని వనరుల సిద్ధాంతం అంటారు. 1976లో సఫీలియోస్-రోత్‌చైల్డ్ అధికారాన్ని రెండుగా విభజించింది. అరుదుగా తీసుకొనేవి, జీవన విధానాన్ని నిర్ణయించేవి అయిన పెద్ద నిర్ణయాలు చేసే శక్తి నిర్దేశక అధికారం. ఆ పరిధిలో, సమయం తీసుకొనే రోజువారీ నిర్ణయాలు చేసే శక్తి అమలు అధికారం. 'ఇంటి విషయాలన్నీ మా ఆవిడే చూసుకొంటుంది' అని గొప్పగా చెప్పేవారు మనకు తెలుసు. ఎంత ఖర్చు పెట్టాలి, ఏ గది ఎవరికి అన్నది భర్త నిర్ణయించి, దిండు గలీబుల రంగు మాత్రం భార్యకు వదిలితే ఆమెకు ఉన్నది అమలు అధికారం మాత్రమే.

(ఇ) జ్ఞాపకం – ఈ ఇంట్లో ఎవరి మనుషులు కనిపిస్తారు? ముందుగది గోడ ఇంటికి వచ్చినవారితో 'మేము ఫలానా వాళ్ళం' అని చెబుతుంది. పెళ్ళి తరువాత భార్య భర్త ఇంటికి రావడం మన సమాజంలో ఎక్కువగా ఉన్న పద్ధతి. అందువల్ల అతని తండ్రి ఫోటో హాల్లో ఉండటం ఎవరికీ వింతగా తోచదు. ఆమె తండ్రి ఫోటోకు మాత్రం కారణం చెప్పవలసి వస్తుంది. మన ఉదాహరణలో సంభాషణ ఆగిపోయింది ఈ చోటే. 26 ఏళ్ళు ఆమె ఎదురుచూసింది కర్టెన్ల కోసం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
3. నిర్దేశక అధికారానికీ, అమలు అధికారానికీ భేదం ఏమిటి?
4. 'మీ ఇష్టమండీ' అన్న మాటను అంగీకారంగా భావించవచ్చా? మీ అనుభవంతో పోల్చి రాయండి.

9.6 సర్దుబాటు మార్గాలు, వాటి పరిమితులు

మొదటి మార్గం ప్రశ్నలను విడదీయడం. రంగు, ఖర్చు, శుభ్రత, ఫోటోలు – వీటన్నిటినీ ఒకే వాదనలో కలపకుండా ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలి. మన జంట ఫోటో విషయం ముందుగా తేల్చుకొని ఉంటే కర్టెన్ల విషయం అంత దూరం వెళ్ళేది కాదు.

రెండవది, నిర్వహణ భారం మోసేవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వడం. తెల్ల కర్టెన్లే కావాలనుకొన్న భర్త వాటిని ఉతికే బాధ్యత కూడా తీసుకోవచ్చు. అప్పుడు ఆ కోరికకు అసలు ఖర్చు ఎంతో అతనికీ తెలుస్తుంది.

మూడవది, ఉమ్మడి చోటును, వ్యక్తిగత చోటును వేరుచేయడం. ముందుగదిలో ఇద్దరికీ సమ్మతమైనవే ఉంచి, చెరొక మూలను లేదా అలమరను వారివారి ఇష్టానికి వదలవచ్చు. అయితే ప్రతిసారీ భార్యకు లోపలి గది, భర్తకు ముందుగది దక్కితే అది సర్దుబాటు కాదు, పాత హెచ్చుతగ్గులకు కొత్త పేరు.

నాల్గవది, ముందుగా పరీక్షించి చూడటం. గోడ మీద చిన్న భాగానికి రంగు వేసి ఉదయం వెలుగులో, రాత్రి దీపం వెలుగులో ఇద్దరూ చూడవచ్చు. చూసిన తరువాత ఒకరు మనసు మార్చుకొన్నా అది ఓటమిగా కనిపించదు.

ఈ మార్గాలన్నీ ఇద్దరూ నిర్భయంగా మాట్లాడగలిగినప్పుడే పనిచేస్తాయి. 'మీ ఇష్టమండీ' అన్న మాటకు మన ఇళ్ళలో కనీసం మూడు అర్థాలున్నాయి: నిజమైన అంగీకారం, అలసట, నిరసన. ఏది ఏదో తెలుసుకోవడానికి ఆ తరువాతి మౌనాన్ని గమనించాలి. అభిరుచి భేదం హింస కాదు. కాని భార్య వస్తువులను పారవేయడం, పుట్టింటి గుర్తులను నిషేధించడం, 'ఇది నా ఇల్లు, బయటికి పో' అని బెదిరించడం జరుగుతూ ఉంటే సమస్య అలంకరణ పరిధి దాటినట్లే. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005లోని 17వ సెక్షన్ ప్రకారం, ఇంటిపై యాజమాన్య హక్కు ఉన్నా లేకున్నా ఉమ్మడి నివాస గృహంలో నివసించే హక్కు భార్యకు ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నదనే దానితో ఆ ఇంట్లో ఆమె స్థానం ముడిపడి లేదని దీని భావం.

9.7 సారాంశం

అభిరుచి పెరిగిన వాతావరణం నుంచి వస్తుంది. పెళ్ళితో రెండు అభిరుచులు ఒకే ఇంట్లో కలుస్తాయి. విశాఖ వంటి వలస నగరంలో, ముఖ్యంగా క్వార్టర్ల జీవితంలో, ఈ భేదాలు చాలాకాలం వాయిదా పడి సొంత ఇంటితో బయటపడతాయి. గోడ రంగు గురించిన వాదన వెనుక శ్రమ, అధికారం, జ్ఞాపకం అనే మూడు ప్రశ్నలు ఉంటాయి. వాటిని విడదీసి చర్చించుకొన్నప్పుడు రంగు విషయం సులభంగా తేలుతుంది. విడదీయకపోతే రంగు తేలినా ప్రశ్నలు మిగిలిపోతాయి.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – నమూనా సమాధానాలు

1. పెరిగిన వర్గం, చదువు, కుటుంబ వాతావరణం వల్ల చిన్ననాటి నుంచి ఒంటబట్టిన అలవాట్లు, ఇష్టాయిష్టాల సముదాయం.
2. గదుల అమరిక నివాసి చేతిలో ఉండదు, ఇల్లు శాశ్వతం కాదు. అందువల్ల కోరికలను సొంత ఇంటి వరకు ఆపుకొంటారు.
3. పరిధిని, ఖర్చును నిర్ణయించేది నిర్దేశక అధికారం. ఆ పరిధిలో రోజువారీ నిర్ణయాలు చేసేది అమలు అధికారం.
4. ప్రతిసారీ భావించలేము. 9.6లోని మూడు అర్థాలతో మీ అనుభవాన్ని పోల్చండి.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 'ఇంటి అలంకరణపై వచ్చే భేదాభిప్రాయం అలంకరణకు మాత్రమే సంబంధించినది కాదు' – చర్చించండి.
2. మీకు తెలిసిన ఒక ఇంటి ముందుగదిని పరిశీలించి, అందులోని వస్తువులు ఎవరి ఇష్టాన్ని, ఎవరి శ్రమను, ఎవరి జ్ఞాపకాలను సూచిస్తున్నాయో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వనరుల సిద్ధాంతాన్ని వివరించండి.
2. విశాఖపట్నం వాతావరణం ఇంటి అలంకరణను ఎలా ప్రభావితం చేస్తుంది?

9.10 పదకోశం

అభిరుచి: ఒకదానికన్నా మరొకదానిని ఇష్టపడే స్వభావం.
అమలు అధికారం: ఇతరులు నిర్ణయించిన పరిధిలో రోజువారీ నిర్ణయాలు చేసే శక్తి.
నిర్దేశక అధికారం: కుటుంబ జీవన విధానాన్ని నిర్ణయించే పెద్ద నిర్ణయాలు చేసే శక్తి.
ఉమ్మడి నివాస గృహం: గృహ సంబంధంలో ఉన్నవారు కలిసి నివసిస్తున్న లేదా నివసించిన ఇల్లు.