మాటిమాటికీ తెగిపోయే ఇంటర్నెట్: నిందకు ముందు నిదానం

ఒకే కప్పు కింద పన్నెండు కుటుంబాలు నివసించే భవనంలో నీళ్ల మోటారు, లిఫ్టు, మెట్ల దీపాలు ఉమ్మడిగా ఉండటం మనకు అలవాటే. కొన్ని చోట్ల ఇప్పుడు ఇంటర్నెట్ కూడా ఆ జాబితాలో చేరింది. నీళ్లు రాకపోతే ట్యాంకు దగ్గరికి వెళ్లి చూడగలం. దీపం వెలగకపోతే బల్బు మార్చగలం. ఇంటర్నెట్ విషయం అలా కాదు. అది చెప్పకుండా పోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. మరమ్మతు చేసే మనిషి వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉంటుంది. లోపం కంటికి కనబడనప్పుడు మనిషి చూపు పక్కింటి తలుపు వైపు మళ్లుతుంది. మా భవనంలో సరిగ్గా ఇదే జరిగింది. పాఠకులకు ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ సంగతిని ఉన్నదున్నట్లుగా ఇక్కడ వివరిస్తున్నాము.

సమావేశంలో తీర్పు

గుంటూరులో మేము నివసించే భవనంలో నాలుగు అంతస్తులు, పన్నెండు ఇళ్లు ఉన్నాయి. ఇళ్ల సంఘం పేరిట, కంపెనీ అనుమతితో, ఒకే ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాము. కింద మీటర్ల గదిలో ఫైబర్ పెట్టె, ప్రధాన రౌటరు, స్విచ్చి ఉంటాయి. అక్కడి నుండి ఒక్కో ఇంటికి ఒక్కో కేబుల్ వెళుతుంది. ఇంట్లో ఎవరి వైఫై రౌటరు వారిది. నెల ఖర్చును అందరం సమానంగా పంచుకుంటాము.

కొంతకాలం అంతా బాగానే సాగింది. ఆ తర్వాత కనెక్షన్ తెగడం మొదలైంది. రెండో అంతస్తులోని ఖాలా జిద్దాలో ఉన్న కుమారునితో మాట్లాడుతుండగా అతని ముఖం తెరమీద నిలిచిపోయేది. మొదటి అంతస్తులో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయికి ఆన్‌లైన్ పాఠం మధ్యలోనే ఆగిపోయేది. కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చి చూసి, తమ వైపు లోపమేమీ లేదని చెప్పి వెళ్లాడు.

నాలుగో అంతస్తులో ముగ్గురు విద్యార్థులు అద్దెకుంటున్నారు. వారి ఇంట్లో మాత్రం ఎప్పుడూ తెగదన్న మాట బయటికి వచ్చింది. అంతే, అందరి అనుమానం వారి మీదికి వెళ్లింది. "రాత్రింబవళ్లు సినిమాలు దించుకుంటారు, మొత్తం వాళ్లే లాగేస్తున్నారు" అన్నారు. వారి కేబుల్ తీసేయాలని సంఘం సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. వయసులో పెద్దవారమని, మదరసాలో బోధించేవారమని తీర్పు మాకు అప్పగించారు. నిజం చెప్పాలంటే, మేము కూడా సరేననబోయాము.

అప్పుడు ఆ విద్యార్థుల్లో ఒకడు లేచి నిలబడ్డాడు. "మౌల్వీగారూ, మా కేబుల్ తీసేయండి, అభ్యంతరం లేదు. తీసేశాక కూడా తెగితే తిరిగి కలుపుతారా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. రుజువు లేకుండా ఒకరి హక్కును తీసివేయబోతున్నామన్న సంగతి ఆ క్షణంలోనే స్ఫురించింది. వారం రోజులు గడువు కోరాము.

వారం రోజుల పుస్తకం

మీటర్ల గది తలుపుకు ఒక నోటు పుస్తకం దారంతో కట్టాము. కనెక్షన్ తెగినప్పుడల్లా నాలుగు విషయాలు రాయమని అందరినీ కోరాము. తెగిన సమయం, మళ్లీ వచ్చిన సమయం, ఏ ఇల్లు, ఆ సమయంలో కరెంటు ఉందా లేదా. "ఎప్పుడూ పోతూనే ఉంటుంది" అనే మాటకు ఆ పుస్తకంలో చోటు లేదని కూడా చెప్పాము.

వారం ముగిశాక పుటలు తిరగేస్తే, మేము ఒకే జబ్బు అనుకున్నది మూడు వేర్వేరు జబ్బులని తేలింది. కొన్నిసార్లు అన్ని ఇళ్లకూ ఒకే నిమిషంలో తెగింది. కొన్నిసార్లు ఒక్క ఖాలా ఇంట్లోనే తెగింది. మరికొన్నిసార్లు నాలుగైదు ఇళ్లకు, అదీ మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్యనే తెగింది. కారణాన్ని వెతకడానికి ముందు ఇలా వేరుచేసుకోకపోతే ఒక జబ్బు మందును మరో జబ్బుకు వేస్తాము.

అందరికీ ఒకేసారి తెగితే

ఈ వరుసలన్నిటి పక్కన "కరెంటు పోయింది" అని రాసి ఉంది. ఇళ్లల్లో ఇన్వర్టర్లు ఉన్నాయి కాబట్టి క్షణంపాటు కరెంటు పోయిన సంగతి చాలామందికి తెలియదు. మీటర్ల గదిలోని పెట్టెలకు మాత్రం ఏ ఆధారమూ లేదు. ఒక్క సెకను పోయినా అవి ఆగిపోయి, మళ్లీ మొదటి నుండి లేచి, అవతలి వైపుతో సంబంధం కలుపుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. రౌటర్ల కోసమే తయారైన చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. పెట్టె మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకుని దానికి తగినవి తెచ్చి పెట్టాము. ఆ వరుసలు పుస్తకంలో అక్కడితో ఆగిపోయాయి.

కరెంటు ఉండగానే అందరికీ తెగితే ఫైబర్ పెట్టె మీది దీపాలను చూడాలి. ఎర్ర దీపం వెలుగుతుంటే బయటి నుండి కాంతి సంకేతం అందడం లేదని అర్థం. ఫైబర్ తీగ లోపలిది సన్నని గాజు పోగు. దానిని గట్టిగా మడిచి మేకుకు చుడితే కాంతి బయటికి జారిపోతుంది. అలాంటప్పుడు దీపాన్ని ఫోటో తీసి, సమయంతో సహా కంపెనీకి పంపాలి. అప్పుడు వారు లోపం లేదని చెప్పి తప్పించుకోవడం కష్టం.

ఒక్క ఇంట్లోనే తెగితే

ఖాలా ఇంట్లో రౌటరు ఫ్రిజ్ వెనుక ఉంది. పక్కనే మైక్రోవేవ్ పొయ్యి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలూ మైక్రోవేవ్ పొయ్యి తరంగాలూ ఒకే కోవకు చెందినవి. పొయ్యి నడుస్తున్నంతసేపు వైఫై తడబడవచ్చు. ఫ్రిజ్ ఇనుప రేకు సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఇంతకూ లోపం వైఫైదా, కేబుల్‌దా? దీనిని తేల్చడానికి సులభమైన పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటరుకు కలపాలి. తీగతో బాగా నడిచి, వైఫైతో తెగితే లోపం గాలిలో ఉన్నట్లే. తీగతో కూడా తెగితే కేబుల్‌నో దాని చివరనున్న ప్లాస్టిక్ కొక్కేన్నో చూడాలి.

ఖాలా ఇంట్లో తీగతో చక్కగా నడిచింది. రౌటరును హాలులో ఎత్తయిన అలమార మీదికి మార్చాము. పన్నెండు ఇళ్ల వైఫైలు ఒకే ఛానెల్‌లో గుమిగూడకుండా 1, 6, 11 ఛానెళ్లను అంతస్తులవారీగా పంచుకున్నాము. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడనివి ఆ మూడే. దగ్గర గదుల్లో వాడుకోవడానికి 5 గిగాహెర్ట్జ్ మేలు, కాని అది గోడలు దాటడంలో బలహీనం.

కొన్ని ఇళ్లకు, కొంతసేపు

మిగిలింది మూడో రకం. మగ్రిబ్ తర్వాత మొదలై, ఏ అంతస్తుకూ సంబంధం లేకుండా, ఒకనాడు ఈ ఇల్లు, మరొకనాడు ఆ ఇల్లు. ఇక్కడ మా తెలివి సరిపోలేదు. సమావేశంలో లేచి నిలబడిన ఆ విద్యార్థినే సహాయం అడిగాము. అతడు మనసులో ఏమీ పెట్టుకోకుండా వచ్చాడు.

ఒక సాయంత్రం మొదటి అంతస్తులో తెగిందని తెలియగానే వెళ్లి, ఆ ఇంటి రౌటరు సెట్టింగుల పుట తెరిచాడు. మా భవనంలో ప్రధాన రౌటరు ప్రతి ఇంటి రౌటరుకూ 10తో మొదలయ్యే ఒక అంకెల చిరునామా ఇస్తుంది. ఆ పుటలో మాత్రం 192.168తో మొదలయ్యే చిరునామా ఉంది. "మౌల్వీగారూ, ఈ భవనంలో ఇంకెవరో చిరునామాలు పంచుతున్నారు" అన్నాడు.

మదరసాలో కొత్త విద్యార్థులకు హాజరు సంఖ్యలు ఇచ్చే గుమాస్తా ఒక్కడే ఉండాలి. మరొకడు వాకిట్లో బల్ల వేసుకుని తన సొంత పుస్తకం నుండి సంఖ్యలు ఇవ్వసాగితే, అతని దగ్గర తీసుకున్న పిల్లవాడికి ఏ తరగతిలోనూ చోటు దొరకదు. ఇక్కడా అంతే. రౌటరు వెలిగించగానే "నాకు చిరునామా ఇవ్వండి" అని తీగ మీద కేకవేస్తుంది. ఎవరు ముందు జవాబిస్తే వారిదే తీసుకుంటుంది. తప్పు చిరునామా దొరికితే దారి మూసుకున్నట్లే. అందుకే ఆ వేళ రౌటరును కొత్తగా వెలిగించినవారికే ఇబ్బంది కలిగింది. తెగిందని విసుగుతో ఆపి మళ్లీ వెలిగించినవారు ఆ ఇబ్బందిని చేజేతులా తెచ్చుకున్నారు. ఆ విద్యార్థుల ఇంట్లో ఎందుకు తెగలేదో కూడా అప్పుడే తెలిసింది. కంప్యూటర్లు చదివే అతడు తమ రౌటరులో చిరునామాను చేత్తో స్థిరంగా రాసిపెట్టుకున్నాడు. దాని వల్ల వారి రౌటరు ఎవరినీ అడగవలసిన అవసరమే రాలేదు. మేము దొంగతనానికి రుజువు అనుకున్నది జాగ్రత్తకు ఫలితం మాత్రమే.

ఇక ఆ రెండో గుమాస్తా ఎవరు? మరునాటి సాయంత్రం మీటర్ల గదిలో స్విచ్చి నుండి కేబుళ్లు ఒక్కొక్కటే తీస్తూ, ప్రతిసారీ తప్పు చిరునామా ఇంకా వస్తోందా అని పరీక్షించాడు. ఐదు తీశాడు, వస్తూనే ఉంది. ఆరోది తీయగానే ఆగిపోయింది.

ఆరో కేబుల్ మాది.

మగ్రిబ్ తర్వాత మా వెనుక గదిలో వాడలోని పిల్లలకు చదువు చెబుతాము. అక్కడికి వైఫై అందడం లేదని మా అబ్బాయి ఒక పాత రౌటరును పెట్టాడు. బయటి నుండి వచ్చే తీగను దానికోసం కేటాయించిన వాన్ అనే రంధ్రంలో కాక, పక్కనున్న మామూలు రంధ్రంలో గుచ్చాడు. దానితో ఆ పాత రౌటరు తన చిరునామాలను మా గదికే కాక భవనమంతటికీ పంచసాగింది. ఇషాకు లేచేటప్పుడు దానిని ఆపివేసేవారము. "రాత్రయితే బాగుపడుతుంది" అని అందరూ అనుకోవడానికి కారణం అదే. ఎవరి ఇంట్లో తెగడం లేదో వారే దోషులన్నది ఆనాటి తర్కం. మా ఇంట్లోనూ చాలా అరుదుగా తెగేది. ఆ తర్కాన్ని మా మీద ప్రయోగించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, అందరికంటే ముందుగా మాకే తోచలేదు.

తీగను సరైన రంధ్రంలోకి మార్చడానికి అర నిమిషం పట్టింది. తర్వాతి సమావేశంలో అందరి ఎదుట ఆ ముగ్గురు విద్యార్థులను క్షమాపణ కోరడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టింది. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక.

మీ భవనంలో ఇలా చేయండి

మొదట వారం రోజులు రాయండి. అందరికా, ఒక్కరికా, కొందరికా అన్నది తేల్చుకోండి. అందరికీ తెగితే మీటర్ల గదిని, కరెంటును, ఫైబర్ దీపాన్ని చూడండి. ఒక్కరికే తెగితే ఆ ఇంట్లో తీగతో పరీక్షించండి. కొందరికే తెగితే, తెగిన సమయంలో వారి రౌటరులో కనబడే చిరునామాను, బాగున్నప్పటి చిరునామాతో పోల్చండి. పాత రౌటరును వాడదలచినవారు తీగ ఏ రంధ్రంలో ఉందో తప్పక చూసుకోవాలి.

తెగడానికీ నెమ్మదించడానికీ తేడా ఉంది. ఎవరైనా పెద్ద ఫైళ్లు పంపుతుంటే మిగతావారి మాటలు తడబడతాయి, కాని కనెక్షన్ పూర్తిగా పోదు. దానికి ప్రధాన రౌటరులో ఇంటింటికీ వేగ పరిమితి పెట్టుకోవడం న్యాయమైన మార్గం. కొత్త స్విచ్చి కొనేటప్పుడు ఒక ఇంటి తీగ నుండి మరో ఇంటి తీగకు రాకపోకలను ఆపే సదుపాయం ఉన్నది తీసుకోండి. ఒకరి ఇంటి పొరపాటు మరొకరి ఇంటికి చేరదు. ఒకరి గుట్టు మరొకరికి కనబడదు. మా సంఘం ఇప్పుడు అదే అమర్చుకుంది.

నోటు పుస్తకం ఇంకా మీటర్ల గది తలుపుకే వేలాడుతోంది. ఇప్పుడు అందులో రాయవలసినవి చాలా తక్కువ. మూడో రకం లోపం ఎదుట, కారణం అన్న చోట మా ఇంటి సంఖ్యను మా చేత్తోనే రాశాము. ఆ పుటను చించవద్దని సంఘానికి చెప్పాము.