నీటి వెంట మూడు దినములు

సెలవులు రాగానే పట్టణవాసులు పలువురు కోనసీమకు ప్రయాణమగుదురు. కొబ్బరితోటలు, పచ్చని చేలు, పడవలు, కోవెలలు చూడవలెనని వారి కోరిక. కారులో బయలుదేరి, ఒక్క పగటిలో అయిదారు దేవాలయములు దర్శించి, నాలుగు ఫొటోలు తీసికొని, చీకటిపడకముందే తిరిగిపోవువారే అధికులు. ఇట్లు పోయినవారికి ఊళ్ళు కనబడును గాని సీమ కనబడదు. కోనసీమను తీర్చినది గోదావరి నీరు. ఆ నీటిని ఆనకట్టకడ పట్టుకొని సముద్రమువరకు వెంబడింపుడని మా మనవి. అందులకు మూడు దినములు చాలును.

ముందుగా కాలమును గూర్చి ఒక మాట. కొన్నియేండ్ల క్రిందట మేము బంధువులతో కలసి వేసవిలో అక్కడికి పోయితిమి. లొల్ల లాకులకడ బండి దిగి చూతుము గదా, కాలువలో ప్రవాహమే లేదు. పిల్లలు చిన్నబోయిరి. గట్టుమీద గేదెలను కాయుచున్న వృద్ధుడొకడు నవ్వి, “కాలవలు కట్టేసిన నెలలో వస్తే నీళ్ళెక్కణ్ణించి వస్తాయండీ? అయినా మంచిదేలెండి, అడుగెలా ఉంటుందో చూశారు” అనెను. దాళ్వా పంట ముగిసిన పిమ్మట, పూడిక తీయుటకును లాకులు బాగుచేయుటకును, వేసవిలో కొన్ని వారములు కాలువలను మూసివేయుట అక్కడి పరిపాటి. బడులకు సెలవులు వచ్చునదియు ఆ రోజులలోనే. జూలై, ఆగస్టు నెలలలో వరద భయము కలదు. కావున కార్తికమునుండి మాఘమువరకు గల కాలము యాత్రకు మేలైనది.

మొదటి దినము ధవళేశ్వరమున ఆరంభింపవలెను. 1830 ప్రాంతములందు ఈ జిల్లా కరవుచేత క్షీణించినది. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచినది. పక్కనే అఖండమైన నది పారుచుండగా పైరులు ఎండిపోవుట చూచి ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. నదిలోని లంకలను ఆధారముగా చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని కట్టిరి. నేడు మనము దాటిపోవు బారేజి దాని స్థానమున 1982 నాటికి పూర్తియైనది. ధవళేశ్వరములో కాటన్ పేరిట ప్రదర్శనశాల కలదు. దానిని చూచి, బారేజి మీదుగా బొబ్బర్లంక చేరినయెడల, మధ్య డెల్టాకు నీరు విడుచు తూములు కానవచ్చును. గౌతమికిని వసిష్ఠకును నడుమ నున్న ఈ మధ్య డెల్టాయే కోనసీమ.

బొబ్బర్లంకనుండి కాలువగట్టు వెంట పోయినచో ఆత్రేయపురము వచ్చును. బోర్లించిన కుండను క్రింద మంటతో వేడిచేసి, పలుచని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను దానిపై పరచి లాగగా, క్షణములో పొరవంటి రేకు లేచును. అందు నేయి, బెల్లము లేక పంచదార వేసి మడచినచో పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. కొని తినుటతో సరిపుచ్చక, రేకు తీయుచున్న తల్లి చేతివాటమును కొంతసేపు చూడుడు. సమీపముననే ర్యాలిలో ఒకే శిలయందు ముందు కేశవుడును వెనుక మోహినియు గల మూర్తి కలదు.

లొల్లకడ లాకు పనిచేయు విధమును పిల్లలకు చెప్పవలెను. భూమి సముద్రమువైపు వాలియుండుటచే కాలువ మెట్లుమెట్లుగా దిగవలసియుండును. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపియో విడిచియో అవతలి మట్టమునకు తెచ్చి, తలుపు తెరతురు. రోడ్లు విరివిగా లేని దినములలో ధాన్యము, కొబ్బరికాయలు, పెండ్లివారు సహితము ఈ దారినే ప్రయాణము చేసిరి.

రెండవ దినము పి. గన్నవరము. యాత్రికులు అరుదుగా ఆగు ఈ చోటు మాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలిపినది. వైనతేయ క్రింద పారుచుండగా, దానిపై వంతెనవలె కట్టిన తొట్టిలో కాలువ నది దాటి రాజోలు సీమకు పోవుచున్నది. 19వ శతాబ్దమున కట్టిన పాత అక్విడక్టు 49 కమానులతో నేటికిని నిలిచియున్నది. దాని ప్రక్కన కట్టిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. వేళగాని వేళ వచ్చిన బాటసారికైనను అన్నము పెట్టిన ఇల్లాలు ఆమె. ఆవలి గట్టు పొలములకు అన్నము మోయు కట్టడమునకు ఇంతకంటె తగిన పేరు లేదు. సంక్రాంతికి పోవువారు కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థమును చూడవలెను. ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడ చేరును. కొన్ని ప్రభలను భుజములపై మోసికొని పచ్చని చేలలోనుండియు, కౌశిక నీటిలోనుండియు తెత్తురు.

మూడవ దినము అంతర్వేది. లక్ష్మీనరసింహుని సేవించి, వసిష్ఠ సముద్రములో కలియుచోటగల అన్నాచెల్లెళ్ళ గట్టుకు పోవుడు. ధవళేశ్వరమున మనము విడిచిన నది అచ్చట ముగియును. ఆ కడలియే 1996 నవంబరు 6న తుపానుగా వచ్చి ఈ సీమలో వేయిమందికి పైగా ప్రాణములు తీసినది, తోటలను నేలగూల్చినది. నేడు మనము చూచు తోటలలో ఆ పిమ్మట మరల నాటి పెంచినవి ఎన్నియో కలవు. ఈ పచ్చదనము ఎవరికిని ఊరక వచ్చినది కాదు.

ఆ వృద్ధుని మాట మరల చెప్పవలసియున్నది. ఆనాడు కాలువ అడుగున మేము చూచినది బురద మాత్రమే కాదు. ప్లాస్టిక్ సీసాలు, సంచులు, ఫలహారపు పొట్లములు గుట్టలుగా పడియుండెను. అందు మావంటి యాత్రికుల పాలు ఎంతయో మాకు తెలియును. సముద్రతీర గ్రామములలో పలుచోట్ల భూగర్భజలము ఉప్పన. అక్కడివారు ఈ కాలువనీటినే చెరువులలో నింపుకొని, వడగట్టి త్రాగుదురు. నిండుగా పారునప్పుడు నీరు మన తప్పును కప్పివేయును, కట్టివేసిననాడు బయటపడును.

కావున ప్రయాణమగునప్పుడు ఒక ఖాళీ సంచి వెంట తీసికొని పోవుడు. మీ చెత్త మీతోనే తిరిగి రావలెను. మరుసటి పుష్యమాసమున మేము అట్లే పోయితిమి. లొల్లకడ కాలువ గట్లొరసి పారుచుండెను. మా పిల్లలు నీటివంక చూచుచు, సంచి మూతిని గట్టిగా బిగించి పట్టుకొనిరి.