సింహానికి రెక్కలా, తొండమా?

తిరుమల బ్రహ్మోత్సవాల్లో మూడో రోజు పొద్దున స్వామి సింహ వాహనం మీద మాడవీధుల్లోకి వస్తాడు. ఐదో రోజు రాత్రి గరుడ వాహనం. లక్షల మంది చూసే ఈ రెండు ఊరేగింపుల్లో ఒక సంగతి బాగా అలవాటైపోయి మన కంటికి ఆనదు. సింహానికి రెక్కలు లేవు. రెక్కలు గరుత్మంతుడివే. ప్రపంచంలో చాలాచోట్ల ఈ రెంటినీ ఒకే ఒంటికి అతికించారు. సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’కు 1957లో వెనిస్ చిత్రోత్సవంలో దక్కిన బంగారు సింహం రెక్కల సింహమే, అది వెనిస్ నగరపు పాత రాజచిహ్నం. మన దగ్గర మాత్రం, చంద్రగిరిని కంచుకోటగా చేసుకుని ఏలిన విజయనగర రాజుల కాలపు మండపాల్లో, సింహానికి ఏనుగు తొండం మొలిచింది గానీ రెక్క మొలవలేదు. ఈ తేడా శిల్పుల ఇష్టాయిష్టాల వల్ల వచ్చిందని నేననుకోను. సింహం ఎక్కడైనా రాజుకు గుర్తే. ఆ గుర్తుకు ఏ కొత్త అవయవం తగిలించారో చూస్తే ఆ రాజ్యం ఎవరిని గెలవాలనుకుందో, ఎవరి అండ కోరుకుందో తెలుస్తుంది.

మనవాళ్లకు ఊహ చాలక రెక్కలు పెట్టలేదనడానికి వీల్లేదు. మన పురాణాల్లో కొండలకే రెక్కలుండేవి. ఇంద్రుడు వాటిని నరుకుతుంటే తప్పించుకుని సముద్రంలో దాక్కున్న మైనాకుడు సుందరకాండలో హనుమంతుడికి ఆతిథ్యం ఇవ్వబోతాడు. ఒకప్పుడు ఏనుగులు కూడా ఆకాశంలో తిరిగేవనీ, దీర్ఘతపుడనే ముని శాపంతో నేలకు దిగాయనీ ‘మాతంగలీల’ చెబుతుంది. తిరుమల కొండనే వైకుంఠం నుంచి గరుత్మంతుడు మోసుకొచ్చాడని స్థలపురాణం. జానపద కథల్లో రాకుమారుడు ఏడు సముద్రాలు దాటాలంటే రెక్కల గుర్రం ఎక్కుతాడు. కొండకూ, ఏనుగుకూ, గుర్రానికీ రెక్కలు తొడిగిన జాతికి సింహం దగ్గరికొచ్చేసరికి ఊహ ఎండిపోయిందంటే నమ్మేదెట్లా?

పైగా రెక్కల సింహం ఈ దేశానికి తెలియనిది కాదు. దాని పుట్టిల్లు పశ్చిమాసియా. క్రీ.పూ. 883 నుంచి 859 దాకా అస్సీరియాను ఏలిన రెండో అషుర్‌నాసిర్‌పాల్ నిమ్రూద్‌లోని తన కోట ద్వారాల దగ్గర మనిషి తల, సింహం ఒళ్లు, రెక్కలు కలిసిన పెద్ద రాతి విగ్రహాలు నిలబెట్టాడు. వాటికి ఐదు కాళ్లు చెక్కారు. ఎదురుగా చూస్తే కావలి కాస్తూ నిలుచున్నట్టు, పక్కనుంచి చూస్తే నడుస్తున్నట్టు కనిపిస్తాయి. తరువాత పారశీక చక్రవర్తి దరియస్ సూసా నగరంలో కట్టిన కోటలో మెరుగు పెట్టిన ఇటుకల మీద కొమ్ములూ రెక్కలూ ఉన్న సింహాలు వెలిశాయి. ఆ శైలి మెల్లగా తూర్పుకు నడిచింది. సాంచీ తోరణాల మీద రెక్కల సింహాలున్నాయి. అక్కడి దక్షిణ తోరణం మీదే శాతకర్ణి రాజుగారి శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానం గురించి శాసనం ఉంది. అంటే మన శాతవాహనుల పనివాళ్లు ఆ తోరణాల దగ్గర పనిచేశారు. అమరావతి స్తూపం శిల్పాల్లోనూ రెక్కల మృగాలు కనిపిస్తాయి. అమరావతి పలకలు కొన్ని, నిమ్రూద్ సింహాలు కొన్ని ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి. స్తూపం మీది రెక్కల మృగం ఎవరినీ గెలవడానికి రాలేదు. పవిత్రమైన చోటికి కావలి కాసే పనిలో అది కుదురుకుంది.

ఆ తరువాత తెలుగు నేల మీద సింహం రెక్కలు రాల్చుకుంది. విష్ణుకుండినుల నాణేల మీద, ముద్రల మీద ఉన్నది మామూలు సింహమే. గుడి మండపాలు పెరిగే కొద్దీ స్తంభాల మీదికి యాళి వచ్చింది. లేపాక్షిలో, తాడిపత్రిలో, వేలూరు జలకంఠేశ్వరుడి కల్యాణ మండపంలో దాన్ని దగ్గర నుంచి చూడవచ్చు. వెనక కాళ్ల మీద లేచి నిలుచుంటుంది. గుడ్లు బయటికి ఉబికి ఉంటాయి. జూలు చిన్న చిన్న సుడులుగా చుట్టుకుని మెడ నుంచి వీపు మీదికి జారుతుంది. మూతి దగ్గర సింహం కోరలతో పాటు తొండం కూడా ఉంటుంది. వీపు మీద కళ్లెం పట్టుకున్న రౌతు, కాళ్ల కింద ఒక ఏనుగు. చాలాచోట్ల పై యాళి తొండం, కింది ఏనుగు తొండం పెనవేసుకుని ఉంటాయి. శిల్పి తొండాన్ని అందం కోసం అతికించలేదు. ఏ జంతువును అణచాలో ఆ జంతువు బలాన్నే గుంజుకుని ఈ సింహం తన ఒంటికి తొడుక్కుంది.

ఏనుగే ఎందుకు? ఆ కాలపు దక్కన్‌లో రాజబలానికి ఏనుగే కొలమానం. విజయనగర రాజు రెండో దేవరాయలు గజబేటకారుడన్న బిరుదును నాణేల మీద ఏనుగు బొమ్మతో వేయించుకున్నాడు. ఒడిశాను ఏలిన ప్రత్యర్థుల వంశనామమే గజపతులు. చంద్రగిరిలో బలం పుంజుకున్న సాళువ నరసింహుడికి గజపతులతోనే పోరు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీడును గజపతుల నుంచి గెలుచుకున్నాడు. మరుసటి ఏడాది, 1516లో, శ్రీకాళహస్తిలో గోపురమూ నూరు స్తంభాల మండపమూ కట్టించాడు. ఇంతవరకూ విన్నవాళ్లు ఒక మాట అడగవచ్చు: ఏనుగు మీద సింహం బొమ్మ విజయనగరం కన్నా పాతది కదా, గజపతుల సొంత ఒడిశాలోనే 13వ శతాబ్దపు కోణార్కలో ఉంది కదా? నిజమే. యాళి గజపతుల మీద వేసిన ఎత్తిపొడుపని నేననడం లేదు. ఏనుగు బలగాన్నే బలంగా లెక్కించిన దేశమంతటా రాజు తన గొప్పను ఏనుగు మీద గెలుపుగానే చూపించుకున్నాడు, ఏనుగుల దొరలతో సహా. కోణార్క ఈ వాదనకు అడ్డు రాదు, బలమే ఇస్తుంది.

దీనికన్నా గట్టి అభ్యంతరం శరభం. సింహం ఒంటికి రెక్కలున్న రూపం అది. 12వ శతాబ్దంలో రెండో రాజరాజ చోళుడు కట్టించిన దారాసురం ఐరావతేశ్వరాలయంలో శరభమూర్తి విగ్రహం ఉంది. అయితే దక్షిణాదిలో రెక్కల సింహం పోలేదన్న మాటే గదా! పోలేదు గానీ, దాని పని మారింది. శైవుల కథలో ఉగ్రనరసింహుడిని శాంతింపజేయడానికి శివుడు ఆ రూపం ఎత్తాడు. ఏనుగును ఓడించడానికి సింహానికి తొండం చాలింది. సింహాన్నే ఓడించాల్సి వస్తే తప్ప రెక్కల అవసరం పడలేదు. వైష్ణవులు ఊరుకోలేదు. శరభాన్ని పట్టడానికి నరసింహుడే గండభేరుండమయ్యాడని చెప్పారు. ఒకే ఒంటికి రెండు తలలున్న పక్షి అది. ఇక్కడ సింహం ఆనవాలే మిగల్లేదు, అంతా రెక్కలే. ఎదుటివాడి బలం పెరిగే కొద్దీ రూపం మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోయింది. ఈ నిచ్చెనను మత కలహంగా మాత్రమే చదివేవాళ్లున్నారు. నాకు అందులో మతంతో పాటు రాజనీతి కూడా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ నిచ్చెన పై మెట్టును ఒక రాజు నాణెం మీదికి ఎక్కించాడు, ఆ రాజు గద్దెకు వచ్చింది చంద్రగిరి నుంచే.

కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు చంద్రగిరి కోటలో బందీగా ఉండేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1529లో అన్న చనిపోయాక బయటికొచ్చి గద్దె ఎక్కాడు. తిరుమలలో అతని అభిషేకం గురించి ‘అచ్యుతరాయాభ్యుదయం’ అనే సంస్కృత కావ్యం చెబుతుంది. వారసత్వానికి పోటీ తీవ్రంగా ఉన్న రోజులవి. అలాంటి రాజు వేయించిన బంగారు నాణెం బరువు మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. అందులో సగం బరువున్న అరవరాహా అయితే శనగబద్దంత ఉంటుంది. ఆ కాస్త చోటులో రెక్కలు విప్పిన గండభేరుండం, రెండు ముక్కులతో రెండు ఏనుగులు, రెండు పంజాలతో మరో రెండు ఏనుగులు. వెనక వైపు నాగరి లిపిలో శ్రీ ప్రతాపాచ్యుతరాయ అని మూడు వరసలు. ఈ పక్షిని అచ్యుతుడు కొత్తగా కల్పించలేదు. కన్నడ దేశంలోని బళ్లిగావిలో 1047 నాటి గండభేరుండ స్తంభం ఉంది. అయినా రాజ్యపు రాజముద్ర వరాహమై ఉండగా, అన్నగారి నాణేల మీద బాలకృష్ణుడు కొలువై ఉండగా, ఈ పక్షినే ఎంచుకోవడం ఊరికే జరిగిందనుకోలేం. నిన్నటి దాకా కోట గోడల మధ్య ఉన్న మనిషి, సింహాన్ని మించిన శరభాన్ని మించిన రూపంతో తన పేరు చెప్పుకున్నాడు. ఆ పక్షి ముక్కుల్లో ఉన్నవి మాత్రం మళ్లీ ఏనుగులే! పక్కనున్న కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో నేటికీ నడుమ గండభేరుండం, అటూ ఇటూ తొండమున్న సింహాలు నిలబడి ఉన్నాయి.

మరి వెనిస్ సంగతి? సముద్ర వర్తకంతో బతికిన ఆ నగరం ఆకాశాన్ని జయించాలనుకోలేదు కదా, రెక్కలెందుకు? అందుకే గెలుపు ఒక్కటే కాదు, అండ కూడా చూడాలన్నాను. 828లో వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి సువార్తికుడు మార్కు అస్థికలను దొంగచాటుగా తెచ్చుకున్నారు. క్రైస్తవ సంప్రదాయంలో మార్కుకు గుర్తు రెక్కల సింహం. తూర్పున చక్రవర్తి, పడమట పోపు ఉన్న లోకంలో చిన్న నగరానికి సొంత రక్షకుడు కావాలి. ఆ రెక్కలు ఆ రక్షకుడివి. సముద్రం మాటను కాళ్లు చెబుతాయి. చాలా బొమ్మల్లో ఆ సింహం ముందు కాళ్లు నేల మీద, వెనక కాళ్లు నీళ్ల మీద ఉంటాయి. ఆ గుర్తు విలువ నెపోలియన్‌కు బాగా తెలుసు. 1797లో వెనిస్‌ను లొంగదీసుకోగానే స్తంభం మీది కంచు సింహాన్ని దించి పారిస్‌కు తరలించాడు. అతను పడిపోయాక గానీ అది ఇల్లు చేరలేదు.

చంద్రగిరి రాజ్యం చివరి రోజుల్లో మరో రకం సింహం మన తీరానికి వచ్చింది. 1600లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ తొలి చిహ్నంలో డాలు మీద మూడు ఓడలు, డాలుకు ఇరువైపులా నడుము కింద చేపలుగా మారిన రెండు సింహాలు. సముద్రం మీద బతకాలనుకున్న సింహానికి చేప తోక తగిలించారు. ఆ కంపెనీకి 1639లో చెన్నపట్నం నేల ఇచ్చింది చంద్రగిరి రాజుల కింద పాలెం ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు. 1698లో పుట్టిన పోటీ కంపెనీతో 1709లో పాత కంపెనీ కలిసిపోయింది. కలిసిన సంస్థ వాడుకున్న చిహ్నంలో సింహాలకు తోకలు మారాయి. నాలుగు కాళ్ల నేల సింహాలు జెండాలు పట్టుకుని నిలబడ్డాయి. రాజ్యం కోసమే చిహ్నం మార్చారనడానికి ఆధారం లేదు, రెండు సంస్థల విలీనమే కారణం. అయినా ఓడలు నడిపే కంపెనీ నేలను ఏలే కంపెనీగా మారింది ఆ నేల సింహాల కిందే. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు చంద్రగిరి సీమ కూడా దాని వశమైంది.