తుపాకులిచ్చి డబ్బు తీసుకెళ్లారు!

అది 1996 ఏప్రిల్ 28. ఆదివారం. పిల్లాపాపలతో వచ్చిన పర్యటకులతో పోర్ట్ ఆర్థర్ సందడిగా ఉంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, ఒకప్పుడు ఖైదీలను ఉంచిన ఊరది. మధ్యాహ్నం ఓ యువకుడు అక్కడి కెఫేలో భోంచేసి, సంచిలోంచి రైఫిల్ తీశాడు. అతని చేతిలో మొత్తం 35 మంది ప్రాణాలు పోయాయి.

ఆ ఘోరం ఒక దేశాన్నే మార్చేసింది.

12 రోజుల్లో...

జాన్ హోవర్డ్ ప్రధాని పదవి చేపట్టి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. పల్లె ఓటర్ల అండ ఉన్న ప్రభుత్వం. అక్కడ రైతుకి తుపాకీ అంటే పొలం పనిముట్టు. పంటను పాడుచేసే కుందేళ్లనీ గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే నక్కల్నీ కొట్టేది దాంతోనే. అయినా హోవర్డ్ వెనకడుగు వేయలేదు. 12 రోజులు తిరిగేసరికి అన్ని రాష్ట్రాలనూ ఒప్పించారు.

గబగబా తూటాలు కక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు మామూలు జనం దగ్గర ఉండకూడదన్నారు. ప్రతి తుపాకీనీ నమోదు చేయించాలి. లైసెన్సు కావాలంటే సరైన కారణం చూపాలి. 'ఆత్మరక్షణ కోసం' అంటే కుదరదు!

మరి అప్పటికే కొనుక్కున్నవాళ్ల సంగతేంటి? వాటిని ప్రభుత్వమే కొనేసింది. అందుకు కావలసిన సొమ్ము కోసం ఆరోగ్య పన్నును ఏడాదిపాటు 1.5 శాతం నుంచి 1.7 శాతానికి పెంచింది. అలా దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వచ్చి చేరాయి. వాటిని తుక్కు చేసేశారు.

ఇదంతా సాఫీగా ఏమీ జరగలేదు. 'ఎవడో చేసిన పాపానికి మాకెందుకు శిక్ష?' అంటూ తుపాకీదారులు ఊరేగింపులు తీశారు. విక్టోరియా రాష్ట్రంలోని సేల్ పట్టణంలో వాళ్ల ముందు మాట్లాడేందుకు హోవర్డ్ కోటు లోపల బులెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని వెళ్లారు. అలా వెళ్లి ఉండాల్సింది కాదని తర్వాత ఆయనే అన్నారు.

ఫలితం దక్కిందా?

అంతకుముందు 18 ఏళ్లలో ఆస్ట్రేలియాలో 13 సామూహిక కాల్పులు జరిగాయి. చట్టం వచ్చాక పదేళ్లలో ఒక్కటీ లేదు. తుపాకీతో ఆత్మహత్యలూ తగ్గాయి. అయితే, తుపాకీ మరణాలు అంతకుముందు నుంచే తగ్గుతున్నాయనీ, ఘనతంతా చట్టానిదే అనలేమనీ కొందరు పరిశోధకుల వాదన. అదీ కొట్టిపారేయదగ్గది కాదు.

పైగా చట్టం ఒకసారి చేసి మర్చిపోయేది కాదని 2025 డిసెంబరు 14న తేలింది. సిడ్నీలోని బాండై బీచ్‌లో యూదుల పండగ వేడుకపై తండ్రీకొడుకులు జరిపిన కాల్పుల్లో 15 మంది చనిపోయారు. తండ్రి దగ్గర ఉన్నవి లైసెన్సు తుపాకులే! దాంతో మరోసారి తుపాకులు కొనే పథకాన్ని ప్రభుత్వం ప్రకటించింది.

అమెరికా దారి వేరు

అమెరికాలో ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1791 నాటి రెండో సవరణ ఆ మాట చెబుతోంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. కొన్నిరకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులపై 1994లో పెట్టిన నిషేధం పదేళ్లకే గడువు తీరిపోయింది. 2018 నాటి ఓ అంచనా ప్రకారం అక్కడి పౌరుల దగ్గర 39 కోట్ల తుపాకులున్నాయి. అంటే జనాభాకన్నా ఎక్కువ! 'దొంగ చట్టాన్ని పాటిస్తాడా? నా ఇంటిని నేను కాపాడుకోవద్దా?' అన్నది ఒక వర్గం ప్రశ్న. 'ప్రతి చేతికీ తుపాకీ అందుతుంటే ఇక రక్షణెక్కడ?' అన్నది మరో వర్గం ప్రశ్న.

ఈ చర్చ మనకెందుకు అనుకోలేం. అక్కడ కాల్పులు జరిగాయని టీవీలో వస్తే చాలు, ఇక్కడ ఎందరో అమ్మానాన్నలు గబుక్కున ఫోను అందుకుంటారు. అవతల నుంచి 'నేను బాగానే ఉన్నానమ్మా' అన్న మాట వినబడేదాకా వాళ్ల గుండె కుదుటపడదు.