ఇంగ్లీష్ కాగితంలో ‘హీ’ అంటే ఎవరు? సంతకానికి ముందే తేల్చుకోండి

పామూరు: అప్పు కాగితమైనా, గల్ఫ్ ఉద్యోగ ఒప్పందమైనా ఇంగ్లీష్‌లో ఉంటే ‘హీ’ అనే చిన్న మాట దగ్గరే చిక్కొస్తుంది.

‘సలీం టోల్డ్ కరీం దట్ హీ మస్ట్ పే.’ కట్టాల్సింది ఎవరు? ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. తెలుగులో అయితే ‘తానే కట్టాలని’, ‘నువ్వే కట్టాలని’ అనగానే తేలిపోతుంది.

ఒక్కోసారి అర్థమే దారి చూపుతుంది. ‘సలీం డిడ్ నాట్ లెండ్ కరీం మనీ బికాజ్ హీ హ్యాడ్ నన్’ అంటే డబ్బు లేనిది సలీంకి. చివర్లో ‘హీ నెవర్ రీపేస్’ అని ఉంటే ఆ ‘హీ’ కరీం. ఇలాంటి చోట వ్యాకరణం ఒక్కటే చాలదని కంప్యూటర్ శాస్త్రవేత్త టెర్రీ వినోగ్రాడ్ 1972లోనే చూపించారు.

డబ్బు విషయంలో మాత్రం ఊహ పనికిరాదు. ‘హీ’, ‘దే’, ‘ఇట్’ కనబడితే వేలు పెట్టి ‘ఎవరు? ఏది?’ అని అడగండి. అక్కడ పేరు రాయించాకే సంతకం పెట్టండి.