పైరుకు జింకు, బిడ్డకు జింకు

హాలహర్వి వైపు గోధుమ పండించడం అరుదు. నల్లరేగడి చేలలో జొన్న, కొర్ర, పత్తి, శనగ వేస్తారు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందిన చోట వరి నాటుతారు. అయినా గోధుమ పిండి అంగడి నుండి ఇంటింటికీ వస్తుంది. చపాతీ చేసినా, జొన్నరొట్టె కొట్టినా, అన్నం వండినా వాటిలో ఒక లోహం కొద్దిగా ఉంటుంది. దాని పేరు జింకు.

ఇంటి మీది రేకులకు పూసేదీ జింకే. దాన్ని తింటామా అని నవ్వకండి. పెద్దవాళ్లకు రోజుకు పది పదిహేను మిల్లీగ్రాములు కావాలి. అంటే చిటికెడు కూడా కాదు. అదీ అందకపోతే పిల్లలు ఎదగరు. మాటిమాటికీ విరేచనాలవుతాయి. పుండ్లు త్వరగా మానవు. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింకు మాత్రలు ఇచ్చేది అందుకే.

ఈ సంగతి ఇరాన్ దేశంలో బయటపడింది. మన దేశంలో పుట్టిన ఆనంద ప్రసాద్ అనే డాక్టరు అక్కడ కొందరు యువకులను చూశారు. ఇరవై ఏళ్లు వచ్చినా పదేళ్ల పిల్లల్లా ఉన్నారు. వాళ్ల తిండి దాదాపు అంతా గోధుమ రొట్టే. గింజ పైపొరలోని ఒక పదార్థం జింకును ఒంటికి పట్టనివ్వదు. జింకు లోపమే కారణం కావచ్చని ఆయన 1961లో చెప్పారు. 1963లో ఈజిప్టులో అది రుజువైంది.

మరి గింజలోకి జింకు ఎక్కడి నుంచి వస్తుంది? మట్టి నుంచే. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో జింకు ఉన్నా, మట్టి దాన్ని బిగించి పట్టుకుంటుంది. వేరుకు అందదు. వరిలో అయితే రైతుకు వెంటనే తెలుస్తుంది. నాటిన రెండు నుండి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. పైరు గిడసబారుతుంది. ఆకు వంచితే పుటుక్కున విరుగుతుంది.

భూమిలో జింకు సల్ఫేట్ వేస్తే పైరు కోలుకుంటుంది, దిగుబడి పెరుగుతుంది. కానీ గింజలో జింకు పెరగాలంటే అది చాలదు. భారతదేశంతో సహా ఏడు దేశాల్లో గోధుమ మీద ప్రయోగాలు చేశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఏమీ వేయని చోట కిలో గింజల్లో 27 మిల్లీగ్రాముల జింకు ఉంది. భూమిలో వేస్తే కొంచెమే పెరిగింది. ఆకుల మీద పిచికారీ చేస్తే 48 అయింది! గింజ పాలు పోసుకునే వేళకు ఆకు మీద పడిన మందు నేరుగా గింజకు చేరుతుంది. వరిలోనూ పెరుగుతుంది కానీ గోధుమలో అంత కాదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. జింకు ఎక్కువున్న గింజ చూడటానికి వేరేగా ఉండదు. అంగట్లో రూపాయి ఎక్కువ రాదు. పిచికారీ ఖర్చు మాత్రం రైతుదే. అమ్మే పంటకు అందరూ చేస్తారనుకోలేం. ఇంటి తిండికి ఉంచుకునే మడికైనా చేసుకోవచ్చు.

విత్తనంలోనే జింకు పెంచే దారి కూడా ఉంది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వారి డి.ఆర్.ఆర్. ధాన్ 45 రకం 2016లో వచ్చింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ తోడ్పాటుతో పర్భణీ శక్తి అనే జొన్న 2018లో వచ్చింది. రెండింటిలోనూ మామూలు రకాల కంటే జింకు ఎక్కువ.

జింకు వేసేవారు ముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి. జింకు సల్ఫేట్‌ను డి.ఎ.పి.తో కలిపి చల్లకూడదు. కలిపితే రెండూ బిగుసుకుపోయి పైరుకు అందవు. మధ్యలో మూడు రోజులైనా ఆగాలి.